అరవై నిండాక సముద్రం దాటిన కౌసల్యమ్మ

ప్రభవాది అరవై సంవత్సరాల చక్రం ఒక్క చుట్టు పూర్తిగా తిరిగి, తాను పుట్టిన విశ్వావసు నామ సంవత్సరమే మళ్ళీ వచ్చి గుమ్మం ముందు నిలిచిన వేళ, ఒకప్పుడు జొన్నచేలు తలలూపిన ఉప్పల్ దారి మీద మెట్రో రైళ్ళు ఆకాశానికీ భూమికీ నడుమ పరుగులు తీస్తూండగా, నాచారం పారిశ్రామికవాడలో రాతిని నమ్ముకున్న కార్ఖానాలు ఒక్కటొక్కటిగా ఇనుముకు మారిపోతూండగా, తన ఈడువారు మోకాళ్ళ నొప్పులకు తైలాలు చెప్పుకుంటూ గుమ్మాల్లో కూర్చునే కాలంలో, ఊహ తెలిసినప్పటినుంచి జనగామ దాటి దూరం ఎరుగని కౌసల్యమ్మ మొట్టమొదటిసారిగా విమానమెక్కి సముద్రం దాటింది.

విహారానికి పోలేదు, తీర్థయాత్రకూ కాదు. పాత చీర మడతల్లో చుట్టిన మూడు ఉలులు, ఒక సుత్తి వెంటబెట్టుకొని, తన చేతిపని మీద పడిన మాటను తానే తుడిచివేయడానికి పోయింది. తుడిచివేసి వచ్చింది కూడా.

ఆమె తండ్రి రాతిపనివాడు. జనగామ వైపు పల్లెలన్నీ తిరిగి రోళ్ళకూ తిరగళ్ళకూ గాట్లు కొట్టేవాడు. వాడగా వాడగా నున్నబడిన రాయి గింజను నలపలేదు. దాని ముఖం మీద ఉలితో సన్నని చాళ్ళు తీసి మళ్ళీ గరుకుదనం తేవాలి. మగపిల్లలు లేని ఆ తండ్రి వెంట సంచి మోస్తూ నడిచిన కూతురికి ఆ విద్య అడగకుండానే అబ్బింది. పెళ్ళయి నాచారం వచ్చాక, భర్త బిక్షపతి లారీలకు బస్తాలెత్తే హమాలీ పనిలో ఉండగా, ఆమె ఒక పిండిగిర్నిలో ఊడ్చే పనికి కుదిరింది. ఒకనాడు గాట్లు కొట్టే మనిషి రాలేదు. గిరాకీ వరుస వీధిదాకా పెరిగింది. చీపురు ప్రక్కన పెట్టి ఉలి అందుకున్న కౌసల్యమ్మ జాముసేపట్లో రాయిని సిద్ధం చేసి ఇచ్చింది. ఆ వరుసలో గోధుమల డబ్బాతో నిలబడి చూసినవాడు గోపాలరావు. తెనాలి ప్రాంతం నుంచి వచ్చి, నాచారంలో పిండి చక్కీలు తయారుచేసే చిన్న కార్ఖానా పెట్టుకున్న మనిషి. మరునాడే ఆమెను పిలిపించి రాతి పనిలో పెట్టుకున్నాడు. అది ఇరవై ఏడేళ్ళ క్రిందటి మాట.

ఆమె పనితీరు వేరు. క్రొత్త రాయి రాగానే వ్రేళ్ళ కణుపులతో తట్టి వింటుంది. లోపల పగులుంటే ఆ చప్పుడులోనే తెలుస్తుంది. తరువాత కళ్ళు మూసుకొని అరచేయి ఆనించి, నడిమి రంధ్రం నుంచి అంచుదాకా నెమ్మదిగా జరుపుతుంది. చాళ్ళు నడుమ లోతుగా మొదలై అంచుకు వచ్చేసరికి పలుచబడాలి. అప్పుడే గింజ లోపల నలిగి పిండియై, నిలవకుండా, వేడెక్కకుండా బయటికి జారుతుంది. నేర్చుకునేవారికి ఆమె చెప్పే పరీక్ష ఒక్కటే: "పిండి కింద చెయ్యి వెట్టు బిడ్డా. సల్లగ తగిలితె నీ గాటు మంచిగున్నట్టు. కాలిందా, మల్ల కొట్టు."

ఆమెతో కలిపి ఆ రాతి విభాగంలో ఏడుగురు. మిగతా ఆరుగురు ఆడవాళ్ళూ ఆమె చేతి క్రింద తయారైనవారే.

గత దసరాకు కొంత ముందు ఆ కార్ఖానా చరిత్రలో ఎన్నడూ లేని సంగతి జరిగింది. కెన్యా దేశంలోని నకురు పట్టణం నుంచి మూడు రాతి చక్కీలు కావాలని కబురు వచ్చింది. రాళ్ళు ఆరు. ఆరింటికీ కౌసల్యమ్మే గాట్లు కొట్టింది. తవుడు పోసి ఆడించి, మక్కజొన్నలు పోసి ఆడించి, పిండి చల్లగా వస్తున్నదని గోపాలరావు చేత చేయి పెట్టించి చూపింది. పరీక్షలు ముగిశాయి. ఆయుధపూజ నాడు ఏటా చేసినట్టే అందరూ యంత్రాల పైతొడుగులకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. కాని కౌసల్యమ్మకు తృప్తి కలగలేదు. మూతలు బిగించే ముందు, గిన్నెలో ఆముదం వెచ్చచేసి పసుపు కలిపి, ఆరు రాళ్ళ ముఖాలకూ అరచేతితో మర్దించింది.

చూడవచ్చిన బిక్షపతి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందే, రాయికి గూడ తలకు నూనె వెడుతున్నవా? నా తలకు నూనె వెట్టి ఎన్నేండ్లయింది?"

"నువ్వు నాచారం చౌరస్తా దాటి పోతవా? ఇవి సముద్రం దాటి పోతున్నయ్. అత్తగారింటికి పోయే పిల్లను నూనె వెట్టకుండ సాగనంపుతరా ఎవలన్న?"

పనిముట్టులో దైవాన్ని చూడడం మన పెద్దలు మనకిచ్చిన సంస్కారం. పెళ్ళింట తిరగలికి పసుపు పూసి కంకణం కట్టే చేతులకు, సముద్రం దాటే చక్కీకి నూనె పెట్టాలని తోచడంలో వింత లేదు. ఆనాడు అందరూ ముచ్చటపడి చూశారే గాని, అందులో తప్పున్నదని ఎవరికీ తోచలేదు. మూతలు బిగిశాయి. యంత్రాలు ఓడరేవుకు బయలుదేరాయి.

మార్గశిరంలో ఫిర్యాదు వచ్చింది.

గోపాలరావు ఏడుగురినీ కూర్చోబెట్టి ఫోనులో వచ్చిన ఉత్తరం చదివి వినిపించాడు. పిండి మాడు వాసన వేస్తున్నది. చాళ్ళలో పిండి గట్టిపడి పెచ్చుగట్టుతున్నది. అక్కడి మెకానిక్ గీకి శుభ్రం చేస్తే రెండు గంటలు బాగుండి మళ్ళీ అదే వరుస. మూడు యంత్రాలనూ వెనక్కి పంపదలచుకున్నారు.

"ఉదయశ్రీ వీడియోలో అన్నీ చూసింది," అన్నాడు గోపాలరావు. ఉదయశ్రీ ఆ కార్ఖానాలో ఇంజనీరు. బోడుప్పల్ నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే అమ్మాయి. "మోటారు బాగానే ఉంది, వేగం బాగానే ఉంది, రాళ్ళ మధ్య ఎడం సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది రాయే. నాకూ వయసైపోతోంది కౌసల్యమ్మా. ఈ మూడూ వెనక్కొస్తే ఇక రాళ్ళ జోలికి పోను. అందరూ చేస్తున్నట్టు ఇనప సుత్తుల మిషన్లే చేద్దాం. గింజ వేస్తే పగలగొట్టి పారేస్తాయి. గాట్లూ వద్దు, ఫిర్యాదులూ వద్దు."

ఆరుగురూ కౌసల్యమ్మ ముఖం వైపు చూశారు. ఇనుప యంత్రాలు వస్తే రాతి విభాగం ఉండదు. ఆ ఆరుగురి చేతుల్లోని విద్య ఆ గది తలుపుతోపాటే మూతపడుతుంది.

"నా రాయి మాడది సార్," అన్నదామె.

"మాడిందిగా మరి!"

"మాడిందంటె ఏందో అయింది. ఫోన్ల రాయి గొంతు ఇనవడదు. నన్ను పంపుండ్రి. నేను పోయి సూస్త."

"ఎక్కడికి? ఉప్పల్ ఎక్స్‌రోడ్డుకా? కెన్యా అమ్మా అది!"

"బస్సు పోకుంటె విమానం పోతది గద సార్. రాయి పోయినకాడికి నేను పోలేనా?"

గోపాలరావు ఫోనులోని ఉత్తరం మరొకసారి చదువుకున్నాడు. చివరికి ఉదయశ్రీ వైపు తిరిగి, "నువ్వూ వెళ్ళు. ఆవిడకు భాష కావాలి," అన్నాడు.

పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీ కావలసివచ్చింది. ఆధార్ కార్డులో పందొమ్మిదివందల అరవై ఎనిమిది జనవరి ఒకటి అని ఉన్నది. ఆ వీధిలో సగం మంది పెద్దలు జనవరి ఒకటినే పుట్టారు! ఆ కాగితంతోనే పని జరిగిపోయింది. కాని తన అసలు వయసెంతో తెలుసుకోవాలని ఆమెకు కోరిక పుట్టి, పంచాంగం చూసే నా దగ్గరకు వచ్చింది.

"గోదారి పుష్కరాలకు మా అవ్వ నన్ను సంకనేసుకొని పోయిందట పంతులూ. అప్పటికి నాకు రెండేండ్లు. పుట్టిందేమొ బతుకమ్మ పండుగలనట."

బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు. ఆ పుష్కరాలు ప్లవంగ సంవత్సరంలో వచ్చాయి. అక్కడినుంచి రెండేళ్ళు వెనక్కి పోతే విశ్వావసు, ఆశ్వయుజ మాసం. అంటే ఆమెకు అరవై నిండి మూడు నెలలైంది. ఆ మాట విని కౌసల్యమ్మ పకపక నవ్వింది. "అరవైలకొచ్చి మల్ల సుట్టు మొదలు వెడుతున్ననన్నట్టు!"

ఆ లెక్క వెంటనే ఆమెకొక అడ్డంకి తెచ్చిపెట్టింది. ఆ దేశం పోయేవారు ముందుగా ఒక జ్వరానికి టీకా వేయించుకోవాలి. టీకా గదిలో డాక్టరు వయసెంతని అడిగాడు.

"కాగితం మీద యాభై ఎనిమిది సార్. నిజానికి అరవై నిండినయ్."

ప్రక్కనున్న ఉదయశ్రీ గతుక్కుమన్నది. డాక్టరు కలం ఆపి తలెత్తాడు. "అరవై నిండితే ఈ టీకా ఊరికే వెయ్యం, పరీక్షలు చెయ్యాలి. కాగితంలో ఉన్నదే చెప్పి ఉంటే ఇప్పుడే వేసేసేవాణ్ణి కదమ్మా."

"సూది గుచ్చేది నా ఒంటికి గద సార్, కాగితానికి కాదు గద."

డాక్టరు నవ్వాడు. రక్తపోటు చూశాడు, గుండె పరీక్ష చేయించాడు, మూడు రోజుల తరువాత రమ్మన్నాడు. ఇరవై ఏడేళ్ళు సుత్తి ఎత్తిన ఒంటికి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. టీకా వేసి పంపాడు.

ప్రయాణం మాఘమాసం మొదటి దినాలలో. సామాన్లు సర్దుతూ ఉదయశ్రీ ఆమె సంచిలో ఒక పెద్ద గుడ్డమూట చూసింది.

"ఇదేమిటమ్మా?"

"కుంకుడుకాయల పొడి. మీ షాంపూలు నా తలకు వడవు. మాఘమాసం తలస్నానాలుంటయ్, ఆడ కుంకుడుకాయలు దొరుకుతయో లేదో."

"పది రోజులకు ఇంత పొడా? ఊరందరి తలలూ రుద్దుతారా?"

"ఉండనీ బిడ్డా. ఎక్కువైతె ఎవలకన్న ఇచ్చొస్త."

విమానాశ్రయం గుమ్మం దగ్గర బిక్షపతి, కొడుకు దుర్గేష్, కోడలు మానస నిలబడ్డారు. మానస కళ్ళు తుడుచుకుంటున్నది. బిక్షపతి మాత్రం గంభీరంగా ముఖం పెట్టి, "ఆడ సింహాలుంటయట, జర పైలం," అన్నాడు. మళ్ళీ తానే, "నువ్వు గాదే, నేను ఫికర్ జేసేది ఆ సింహాల గురించి," అన్నాడు. ఏడుస్తున్న కోడలు కూడా నవ్వింది.

విమానం అరేబియా సముద్రం మీదికి చేరాక, కౌసల్యమ్మ కిటికీకి నుదురానించి చాలాసేపు క్రిందికి చూసింది. ఆ నీలిమకు అంచు కనబడలేదు. "నా రాళ్ళు గీ నీళ్ళ మీదనే పోయినయా బిడ్డా?" అని అడిగింది. అవునన్నది ఉదయశ్రీ. కౌసల్యమ్మ రెండు చేతులు జోడించి, పెదవులు కదలకుండా ఏదో మొక్కుకున్నది.

నకురు పట్టణం భూమధ్యరేఖకు ప్రక్కనే ఉన్నది. అక్కడి చక్కీల యజమానురాలు ముతోని. ఏబై ఏళ్ళు పైబడిన మనిషి, నిలువెత్తు, మాట తక్కువ. ఇంగ్లీషులో ఆమె అన్న మాటలను ఉదయశ్రీ తెలుగు చేసి చెప్పింది: "చుట్టుప్రక్కల బడుల పిల్లలకు మక్కపిండి నేనే ఇవ్వాలి. రేపు కాక వచ్చే గురువారం మొదలు. బుధవారం సాయంత్రానికి నాకు మంచి పిండి కావాలి. కాకపోతే గురువారం ఇవి ఓడరేవుకు పోతాయి. దీనికోసం ఇంతదూరం ఒక అవ్వను పంపుతారని అనుకోలేదు."

మెకానిక్ కిప్రోనో ఉత్సాహంగా ముందుకు వచ్చి, "మామా, మామా" అంటూ సంచి అందుకున్నాడు.

"నన్ను మామ అంటడేంది? అత్తా అనక!"

ఉదయశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇక్కడ తల్లిని అలా పిలుస్తారమ్మా. గౌరవం."

"గట్లనా? అయితె పిలువనీ, పిలువనీ."

మరునాడు గురువారం ఉదయం కౌసల్యమ్మ మొదటి చక్కీ మూత తీయించింది. పైరాయి ఎత్తి పక్కన పెట్టించింది. కణుపులతో తట్టి విన్నది. రాయి ఖంగున పలికింది. పగులు లేదు. కళ్ళు మూసుకొని అరచేయి జరిపింది. చాళ్ళు తాను కొట్టినట్టే ఉన్నాయి. అయితే వేళ్ళకు ఏదో జిగురు తగిలింది. వేళ్ళు ముక్కు దగ్గరకు తెచ్చుకున్నది. ఆరిపోయిన దీపం వత్తి వాసన. తెల్లని గుడ్డతో గట్టిగా రుద్ది చూస్తే గుడ్డకు పసుపు పచ్చని మరక అంటింది.

కౌసల్యమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఏమైందమ్మా?" అని ఉదయశ్రీ వంగింది.

"ఆముదం బిడ్డా. దసరనాడు నేను వెట్టిన ఆముదం. రాయి నూనెను తాగింది. మిషన్ నడిస్తె వేడికి మల్ల కక్కుతున్నది. ఆ తడికి పిండి అంటుకొని మాడుతున్నది. వీళ్ళు పైపైన గీకుతున్నరు, లోపలిది లోపల్నే ఉన్నది." మరకపడిన గుడ్డను చేతిలో మడిచింది. "నూనె వెట్టిన. తానం పోయించుడు మరిచిన."

ఉదయశ్రీ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ముతోని నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకొని నిలబడి ఉన్నది. "అమ్మా, మీ తప్పని చెప్పకండి. ఓడలో చెమ్మ తగిలిందని నేను చెప్తాను. ఎలాగూ బాగుచేస్తాం కదా, ఎవరికీ నష్టం లేదు."

"చెమ్మకు ఆముదం వాసనొస్తదా?"

"వాళ్ళకేం తెలుసు?"

"వాళ్ళకు తెల్వకపోవచ్చు. గని వాళ్ళు రాయిని తప్పు వట్టిన్రు బిడ్డా. ఆడ మన సార్ గూడ రాయినే తప్పు వట్టిండు. తప్పు నాది. అది నేను ఒప్పుకోకపోతె నింద రాయి మీదనే ఉంటది. ఇయ్యాల బాగుజేస్తె, మల్ల చెమ్మ తగులుతదని ఇనుపమిషన్ కొంటరు. నువ్వు చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. సార్‌కు గూడ ఫోన్ వెట్టు, ఇననీ."

గోపాలరావు ఫోనులో వింటూండగా, ఉదయశ్రీ ఉన్నదున్నట్టే చెప్పింది. పండుగ సంగతి, పెళ్ళికూతురికి నూనె పెట్టే ఆచారం, ఆముదం గిన్నె, అన్నీ. కిప్రోనో నోరు తెరుచుకొని విన్నాడు. ముతోని ముఖంలో ఏ భావమూ కదలలేదు. ఫోనులో గోపాలరావు నిట్టూర్పు మాత్రం వినబడింది.

చివరికి ముతోని ఒక్క ప్రశ్న అడిగింది. "ఈమె చెప్పకపోతే నాకు ఎప్పటికైనా తెలిసేదా?"

"ఎన్నటికి తెల్వకపోతుండె," అన్నది కౌసల్యమ్మ.

"బాగు చేయగలదా?"

"బుధవారం పొద్దుగూకేవరకు సల్లటి పిండి ఇస్త. అట్ల ఇయ్యకపోతె నువ్వు పంపేదేంది, నేనే మోసుకొని పోత."

ముతోని పెదవుల చివర ఒక చిరునవ్వు తొంగిచూసి మాయమైంది. ఆమె తన చేతి సంచి ఒక మేకుకు తగిలించి, చేతులు పైకి మడిచింది. "సరే. నేనేం చేయాలో చెప్పమను."

అభ్యంగానికి స్నానం తోడు కాకపోతే ఆ క్రియ పూర్తి కాదు. నూనె ఒంటిమీదే నిలిచి బరువవుతుంది. ఒంటికైనా, రాతికైనా అదే వరుస. కౌసల్యమ్మ ఇంట్లో పిల్లలకు ఏ క్రమంలో తలంటు పోస్తుందో ఆ క్రమంలోనే ఆరు రాళ్ళకూ మొదలుపెట్టింది. ముందు నలుగు. మక్కల తవుడును పెనాల మీద వేడిచేయించి రాళ్ళ ముఖాల మీద మందంగా పరిపించింది. వెచ్చదనానికి రాతి లోపలి నూనె పైకి ఊరింది. పొడి తవుడు దాన్ని పీల్చుకున్నది. పసుపు పచ్చగా మారిన తవుడు తీసివేయడం, క్రొత్త తవుడు పరచడం. రెండు పగళ్ళు ఇదే పని. కిప్రోనో, ఇంకా ఇద్దరు పనివాళ్ళు, ముతోని స్వయంగా పెనాల దగ్గర నిలిచారు. శనివారానికి తవుడు తెల్లగానే తిరిగివచ్చింది.

తరువాత స్నానం. కౌసల్యమ్మ గదిలోకి పోయి, ఉదయశ్రీ నవ్విన ఆ గుడ్డమూట తెచ్చింది. వేడినీళ్ళలో కుంకుడు పొడి నానబెట్టి, చేతితో పిసికి, తెల్లని నురుగు లేచేదాకా కలిపింది. ఆ నురుగుతో, కుచ్చు బ్రష్షులతో, ఒక్కొక్క చాలు వెంట ఆరు రాళ్ళనూ రుద్దారు. కిప్రోనో ఆ నురుగును వాసన చూసి, తన బట్టతల మీద కొంచెం రాసుకొని చూపి అందరినీ నవ్వించాడు.

"రాసుకో బిడ్డా, రాసుకో. ఎంట్రుకలొస్తె నన్ను యాది జేసుకో."

మూట ఖాళీ అయింది.

మరునాడు ఆదివారం. రథసప్తమి. సూర్యభగవానుడు తన రథాన్ని మళ్ళించే పుణ్యదినాన, భూమి నడుమ గీతకు ప్రక్కనున్న ఊరిలో, ఆరు రాళ్ళూ ముంగిట ఎండకు ముఖం తిప్పి పడుకున్నాయి. తెల్లవారగానే కౌసల్యమ్మ తలస్నానం చేసి తూర్పుకు దండం పెట్టింది. రాళ్ళకు కుంకుడుతో తలంటు జరిగింది గాని, ఆమె తలకు వట్టి నీళ్ళే దక్కాయి. జిల్లేడాకులూ దొరకలేదు. అయినా, ఆ మాఘస్నానం కంటే పవిత్రమైనది ఆ సంవత్సరం మరెక్కడైనా జరిగిందా అని నాకు సందేహమే.

సోమ మంగళవారాలు ఉలి పలికింది. పైపొర ఒక వెంట్రుకవాసి మేర తీసివేసి, చాళ్ళన్నీ మళ్ళీ కొట్టింది. కిప్రోనో ప్రక్కన కూర్చొని చూస్తుంటే అతని చేతికి ఉలి ఇచ్చి, పైన తన చేయి వేసి నడిపించింది. భాష లేకుండానే పాఠం సాగింది. తప్పు కొట్టినప్పుడల్లా అతని వీపు మీద ఒక చరుపు పడేది, సరిగ్గా కొడితే "శబాష్" వచ్చేది.

బుధవారం మధ్యాహ్నం యంత్రాలు తిరిగాయి. మొదట తవుడు, తరువాత కొంత మక్కలు ఆడించి, ఆ తొలి పిండి అమ్మరాదని కోళ్ళకు చల్లించింది. ఆ పైన అసలు మక్కలు పోశారు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఇంతకుముందు మాడు వాసన మొదలయ్యే సమయం దాటిపోయింది. మూడో గంటలో కౌసల్యమ్మ తన చేయి పెట్టి చూడలేదు. ముతోని చేయి పట్టుకొని పిండి ధార క్రింద పెట్టింది.

తెల్లని పిండి ఆ అరచేతిలో కుప్పగా పేరుకున్నది. ముతోని పిడికిలి మూసి, తెరిచి, చెంపకు ఆనించుకున్నది. ఆమె అన్న మాట ఉదయశ్రీ తెలుగు చేయనవసరం లేకపోయింది. చల్లగా ఉన్నదని ఆ ముఖమే చెప్పింది.

ఆ సాయంత్రం ఆ పిండినే వేడినీళ్ళలో గట్టిగా కలియబెట్టి వండి, ఆకుకూరతో పెట్టారు. కౌసల్యమ్మ ఒక్క ముద్ద నోట పెట్టుకొని కళ్ళు పెద్దవి చేసింది. "ఓ బిడ్డా! గిది మా మక్కగటకనే గద! గింత దూరమొచ్చి మా అవ్వ వండిన గటక తింటున్న!" రెండోసారి వడ్డించుకొని మరీ తిన్నది. గురువారం తెల్లవారేసరికి పిండి బస్తాలు బడులకు బయలుదేరాయి.

పది రోజుల ప్రయాణం ముగిసేసరికి నాచారం కార్ఖానా గేటు దగ్గర ఆరుగురు స్త్రీలు పసుపు నీళ్ళ పళ్ళెంతో నిలబడి, దిష్టి తీసి గాని ఆమెను లోపలికి రానీయలేదు. బిక్షపతి చౌరస్తా టీ కొట్టు దగ్గర అప్పటికే నలుగురికి కథ చెప్పి వచ్చాడు. ఆ కథలో సింహం కూడా ఒకటి చేరింది.

గోపాలరావు ముతోని పంపిన ఉత్తరం చదివాడు. మరి రెండు చక్కీలు కావాలి. రాతివే కావాలి. గాట్లు కౌసల్యమ్మవే కావాలి. చివర ఒక వాక్యం: నూనె పెట్టాలనుకుంటే పెట్టండి, కాని స్నానం కూడా చేయించి పంపండి.

ఏడుగురూ ఒక్కసారి నవ్వారు. గోపాలరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇనప మిషన్ల మాట నేను అనలేదనుకోండి."

"అన్నరు సార్," అన్నది కౌసల్యమ్మ. "నా చెవులు ఇంక మంచిగనే ఉన్నయ్."

"సరే, అన్నాను. తప్పు నాది. నువ్వు అంతమంది ముందు ఒప్పుకున్నావు, నేను ఈ ఏడుగురి ముందు ఒప్పుకోలేనా? ఈ గదికి ఇంకో ముగ్గురిని తీసుకుందాం. నేర్పుతావా?"

ఆనాటినుంచి ఆ కార్ఖానాలో ఒక క్రొత్త ఆచారం ఏర్పడింది. బయటికి పోయే ప్రతి చక్కీ రాతికీ ఒక చుక్క ఆముదం పెడతారు. వేడి తవుడుతో నలుగు పెడతారు. కుంకుడు నురుగుతో కడుగుతారు. ఒక పగలంతా ఎండలో ఆరబెట్టి, మళ్ళీ ఆడించి, చేయి పెట్టి చూసి గాని మూత బిగించరు. పరాభవ సంవత్సరం ఉగాదినాడు నేను అటు పోయినప్పుడు, కౌసల్యమ్మ ఒక క్రొత్త అమ్మాయి చేయి పట్టుకొని పిండి ధార క్రింద పెట్టి, "సల్లగున్నదా?" అని అడుగుతున్నది.

కౌసల్యమ్మ చేతిలోని ఉలి మొక్కవోకుండు గాక. ఆమె తాకిన ప్రతి రాయీ ఆకలిగొన్నవారికి చల్లని పిండినిచ్చు గాక. బిక్షపతి తలకు ఇకనైనా ఏటా ఆమె చేతి నూనె, ఆ వెంటనే స్నానం లభించు గాక. దుర్గేష్, మానసల ఇంట పసిపాదాలు తిరుగాడు గాక. ఆ పసివారికి అవ్వ చెప్పే కథలో సముద్రమూ, చల్లని పిండీ, ఒప్పుకున్న తప్పూ ఉండు గాక. రెండవ చుట్టు మొదలుపెట్టిన కౌసల్యమ్మ, నూరేళ్ళ అంచుదాకా నేర్పుతూ, నవ్వుతూ, ఆ ఇంటికీ ఆ వాడకూ నిండుదనమై వర్ధిల్లు గాక.